అరవయ్యో మెసేజ్

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి నేను నా ఫోన్‌లో ఒక మెసేజ్ తుడిచేశాను.

అప్పుడు మల్కాపురంలో మా స్కూలు మెట్ల మీద ఉన్నాను. ఐదో పీరియడ్ బెల్లు కొట్టేశారు. చంకలో ఏడో తరగతి కాంపోజిషన్ పుస్తకాలు. మెసేజ్ మా తమ్ముడిది. చదివాను, తీసేశాను, క్లాసులోకి వెళ్ళిపోయాను.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇది రాస్తున్న ఈ పూటా లేదు. "పాపం, తమ్ముడు పోయిన బాధలో ఏదేదో అనుకుంది" అని ఎవరైనా జాలిపడితే ఒప్పుకోను. బాధలో ఉన్నమాట నిజం. లెక్కపెట్టడం మాత్రం మర్చిపోలేదు.

ఇన్‌కమింగ్ కాల్స్‌కి డబ్బులు తీసుకోవడం మానేశాక మేమిద్దరం ఫోన్లు కొనుక్కున్నాం. నా ఫోన్‌లో అరవై మెసేజీలకి మించి పట్టవు. అరవై నిండితే తెర మీద చిన్న కవరు బొమ్మ వెలిగి ఆరుతూ ఉంటుంది. బయట ఇంకోటి ఆగి ఉందని దాని అర్థం. ఏదో ఒకటి తీస్తేగాని అది లోపలికి రాదు.

ఆ మధ్యాహ్నం కవరు బొమ్మ వెలిగి ఆరుతోంది. ఏది తీయాలా అని చూసే టైము లేదు. అప్పుడే చదివింది, దాంతో పనైపోయింది, దాన్నే తీశాను. ఖాళీ అయిన చోట్లోకి కాలర్ ట్యూన్ల గురించి కంపెనీ ప్రకటన వచ్చింది. దాన్నీ తీసేశాను. యాభై తొమ్మిది మిగిలాయి.

మా తమ్ముడి పేరు పైడిరాజు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. పదో తరగతితో చదువు ఆపేసి, ఓడరేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్లకి గ్రీజు వేసే పనిలో చేరాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. రోజుకి మూడు నాలుగు మెసేజీలు పంపేవాడు, మన మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి.

"అప్పా పప్పు మాడ్సేవా? వీది సివర దాకా కంపు."

"గేసు బండ నానే మోసేను. మెచ్చుకో."

"వాన. నీ గొడుగు ఎట్టుకెల్లిపోనాను. తిట్టకు."

ఆ కాంట్రాక్టరు దగ్గర మనుషుల్ని పనికి పిలవడానికి ఒక పద్ధతి ఉండేది. షిఫ్టులో లేనివాళ్ళు అవసరమైతే మేస్త్రీ మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒకటి కొడితే పని లేదు, ఇంట్లో ఉండు. రెండు కొడితే వెంటనే రా. ఎత్తకూడదు. ఎత్తితే మేస్త్రీకి డబ్బులు పోతాయి. ఎత్తని కాల్ ఏ బిల్లులోనూ కనిపించదు. ఆ పూట జాబితాలోనూ పేరు ఉండదు. పని అయ్యాక ఎప్పుడో రాస్తారు. అందరికీ అది అలవాటే. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు, నాకు కూడా.

ఆ రోజు నేను చదివి తీసేసింది ఇదీ: "అప్పా మేస్త్రి రెండు కొట్టేడు. ఎల్తన్నాను."

పైడిరాజు రాత్రి షిఫ్టు చేసి ఉదయమే ఇంటికొచ్చి పడుకున్నాడు. మర్నాటి దాకా అతనికి సెలవు. రెండు గంటల యాభై ఐదు నిమిషాలకి గేటు రిజిస్టరులో అతని పేరు ఉంది. మూడు నలభై ప్రాంతంలో మూడో నంబరు క్రేను నిచ్చెన మీంచి పడిపోయాడు. నేను ఆసుపత్రికి చేరేసరికి ఐదున్నర అయింది. అందరూ చెప్పులు చూసుకుంటూ నిలబడ్డారు. అలా తెలిసింది.

పదకొండో రోజు అయ్యాక కాంట్రాక్టరు ఇచ్చిన వాంగ్మూలం సంగతి తెలిసింది. అందులో ఉన్నది ఇదీ: ఆ రోజు మూడో క్రేనుకి పని లేదు. పైడిరాజుని ఎవరూ పిలవలేదు. జాబితాలో పేరు లేదు. పాసు ఉంది కాబట్టి లోపలికి వచ్చాడు. జేబులో కటింగ్ ప్లేయర్ దొరికింది. పైన రాగి తీగ కత్తిరించడానికి తనంతట తానే ఎక్కాడు.

కటింగ్ ప్లేయర్ మా తమ్ముడి జేబులో పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు కూడా ఉండేది.

ఆ మాట వీధిలోకి రావడానికి ఒక్క పూట పట్టింది. మా ఎదురింటి పోలమ్మత్త కొళాయి దగ్గర నన్ను చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"టీచరమ్మ తమ్ముడటే. రాగి తీగకి ఎక్కేడట. సదూకున్నోల్లింట్లో ఇదేటే?"

ఇంకో ఇద్దరు నవ్వారు. నేను బిందె పెట్టి, అంచు దాకా నిండేవరకూ అక్కడే నిలబడ్డాను. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. చాలాసేపు పట్టింది. వాళ్ళే ముందు వెళ్ళిపోయారు.

కార్మికుల ప్రమాదాల మీద విచారణ చేసే అధికారి దగ్గరికి వెళ్ళాను. నడివయసు మనిషి, మర్యాదస్తుడు. మేస్త్రీ సూర్నారాయణని కూడా పిలిపించారు. ఇతను నాకు వరసకి తమ్ముడు అవుతాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేసిన మనిషి.

"నానెందుకు పిలుత్తాను సార్? ఆడికి ఆ రోజు ఆఫు. నా బిల్లు సూసుకోండి, ఒక్క కాలున్నాదేటి?" అన్నాడు నా వైపు చూడకుండా.

నేను మెసేజ్ సంగతి చెప్పాను. అధికారి కాగితం మీంచి తలెత్తారు.

"ఉంటే చూపించండమ్మా. అదొక్కటి చాలు."

"తుడిచేశాను" అన్నాను.

ఆ మాట గట్టిగా అనడం అదే మొదటిసారి.

పైడిరాజు ఫోను అతనితోపాటే పడి ముక్కలైంది. ఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్తే, ఆ సమయానికి ఆ నంబరు నుంచి మెసేజ్ వచ్చిందని చెప్పగలం గానీ అందులో ఏముందో మా దగ్గర ఉండదన్నారు. మేస్త్రీ పిలిచాడని రాశాడా, ఇంకేమన్నా రాశాడా అన్నది నా మాట మీదే నిలబడింది. చనిపోయినవాడి అక్క మాట. దాని విలువెంతో నాకు తెలుసు.

కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోన్‌లోవన్నీ అందులోకి ఎక్కించుకోవచ్చని స్టాఫ్ రూములో ఎవరో అన్నారు. తుడిచేసింది వస్తుందన్న ఆశ లేదు. ఆ రోజు తర్వాత వచ్చినవాటిని వచ్చినట్టే తీసేశాను. ఆ యాభై తొమ్మిదిలో నలభై ఒకటి పైడిరాజువి. వాటిలో "మేస్త్రి రెండు కొట్టేడు" అన్నవి పాతవి మూడున్నాయి. కనీసం అలా పిలిచే పద్ధతి ఉందని చూపించవచ్చు. పైగా ఆ ఫోను బ్యాటరీ ఉబ్బింది. అది పోతే ఇవన్నీ పోతాయి.

వెళ్ళే ముందు యాభై తొమ్మిదింటినీ నోటు పుస్తకంలో రాసుకున్నాను, తేదీలూ గంటలతో సహా. కంప్యూటర్ చెరిపేస్తుందేమోనని భయం. ఆ రాతకి రెండు ఆదివారాలు పట్టింది. కాబట్టి నా ఫోన్‌లో ఏముందో, ఏది లేదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

మెయిన్ రోడ్డు మీద కృష్ణారావుగారి డీటీపీ షాపు ఉండేది. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మా స్కూలు ప్రశ్నపత్రాలు అక్కడే కొట్టించేవాళ్ళం. ఆయన దగ్గర నా ఫోనుకి సరిపోయే తీగ ఉంది.

"తుడిచేసింది రాదండి, ముందే చెప్తున్నాను. ఉన్నవి ఎక్కించి ప్రింటు తీసిస్తాను. ఆయ్, కూర్చోండి" అన్నారు.

శనివారం ఉదయం పదకొండు దాటింది. రోడ్డు మీద ఆయిల్ ట్యాంకర్లు వెళ్తుంటే షాపు అద్దం అదురుతోంది. డిస్కు పెట్టి ఏదో ఎక్కించారు. తీగ తగిలించారు. మొదటి రెండుసార్లు ఫోన్‌ని గుర్తుపట్టలేదు. మూడోసారి తెర మీద నా ఫోను బొమ్మ వచ్చింది. పచ్చగీత నెమ్మదిగా నిండింది.

"అరవై అండి" అన్నారు.

"యాభై తొమ్మిది."

"అరవై అంటోందండి ఇది. మీరే చూడండి."

ముందు ప్రింటు తీయమన్నాను. నాలుగు కాగితాలు వచ్చాయి. నోటు పుస్తకం తెరిచి, ఒక్కొక్కటీ ఆయన చదువుతుంటే నేను టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. పప్పు మాడింది, టిక్కు. గొడుగు, టిక్కు. కృష్ణారావుగారు మొదట్లో నవ్వారు, తర్వాత నవ్వలేదు. యాభై తొమ్మిది అయ్యాయి. నాలుగో కాగితం చివర ఇంకొకటి మిగిలింది.

ఆ మంగళవారం తేదీ. పద్నాలుగు గంటల పది నిమిషాలు. పైడిరాజు నంబరు.

"అప్పా మేస్త్రి రెండు కొట్టేడు. ఎల్తన్నాను. మూడో క్రేను నిచ్చెన ముప్పై ఒకటో మెట్టు ఊడొచ్చేసింది."

మొదటి రెండు వాక్యాలు నేను చదివినవే. మూడోది నేను చదవలేదు.

కృష్ణారావుగారు ఫోను చేతిలోకి తీసుకుని వెతికారు. యాభై తొమ్మిదే ఉన్నాయి. తీగ పీకి మళ్ళీ తగిలించారు. కంప్యూటర్ కూడా ఈసారి యాభై తొమ్మిదే అంది. ఇందాక దాచిన ఫైలు తెరిచారు. అందులోనూ యాభై తొమ్మిదే. అరవయ్యోది ఆ కాగితం మీద మాత్రమే ఉంది.

ఆయన తీగ చుట్టి నా ముందు పెట్టారు. "ఇది మీరు పట్టుకెళ్ళిపోండమ్మా. నా షాపులో వద్దండి."

"భయమా?"

"లెక్క తప్పిందండి. లెక్క తప్పితే నాకు భయమే."

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. మెసేజ్ చదివినప్పుడు నేను మెట్లెక్కుతున్నాను. ఆ చిన్న తెర మీద ఒకసారికి నాలుగు లైన్లే కనిపిస్తాయి. మిగతాది చూడాలంటే కింది మీట నొక్కాలి. నేను నొక్కలేదేమో. కింద ఇంకో వాక్యం ఉందని తెలియకుండానే తీసేశానేమో. అలా అయి ఉంటే, దాన్ని చదివి ఫోన్ చేయడానికి నాకు గంటన్నర ఉంది. నేను ఆ గంటన్నరలో తద్భవ తత్సమాలు చెప్పాను.

దీన్ని ఎవరూ నా చేత అనిపించలేదు. నేనే రాస్తున్నాను.

సోమవారం స్కూలుకి సెలవు పెట్టి ఆ కాగితం అధికారికి ఇచ్చాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఫోన్‌లో లేదని, ఫైలులో లేదని కూడా చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "మీరే టైపు చేయించి తెచ్చారని వాళ్ళంటారమ్మా."

"అననివ్వండి. మీరూ నమ్మొద్దు. కాగితం మాట అటుంచి, వెళ్ళి నిచ్చెన మెట్లు లెక్కపెట్టండి. ముప్పై ఒకటోది మిగతావాటిలాగే ఉంటే ఈ కాగితం మీ ఎదురుగానే చింపేస్తాను. మా తమ్ముడు దొంగ అని రాసుకోండి, సంతకం పెడతాను."

అంత మాట ఎలా అనగలిగానో తెలియదు. ఓడిపోతే అతని పేరు నా చేత్తోనే పోయేది.

గురువారం మధ్యాహ్నం మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. అధికారి, ఆయన గుమాస్తా, సూర్నారాయణ, నేను. ఎండ మండుతోంది. మూడో క్రేను నిచ్చెన పసుపు రంగుది. దాని మీద ఏళ్ళ తరబడి పట్టిన బొగ్గు దుమ్ము. కింద పైడిరాజు పడిన చోట ఇసుక పోసి ఉంది.

నేను నిచ్చెనకి ఎదురుగా నిలబడి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను, క్లాసులో ఎక్కాలు చెప్పించే గొంతుతో. గుమాస్తా ఏదో అనబోతే అధికారి చెయ్యెత్తి ఆపారు. పది. పదిహేను. ఇరవై దాటాక మెడ నొప్పి పుట్టింది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై.

"సాలప్పా" అన్నాడు సూర్నారాయణ. "ఇంక నెక్కెట్టకు."

"ముప్పై ఒకటి" అన్నాను.

ఆ మెట్టుకి పసుపు రంగు లేదు. దుమ్ము లేదు. ఎర్ర ప్రైమరు ఒక పూత, రెండు కొసల్లోనూ కొత్త వెల్డింగు. తలెత్తి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. అంతకుముందు వచ్చినవాళ్ళెవరూ తలెత్తలేదు.

సూర్నారాయణ పట్టాల మీద కూర్చుండిపోయాడు.

"నానే పిలిసేను సార్. సాయంత్రం ఓడొస్తాదన్నారు, క్రేను రెడీ సెయ్యమన్నారు. గ్రీజుకి మనిసి దొరకనేదు. రెండు కొట్టేను. ఆడు పైకెల్తుంటే మెట్టు సేతిలోకి వొచ్చేసింది. మెట్టూ ఆడూ కలిసే పడ్డారు. పోలీసులొచ్చేలోపు అతికించేయమన్నారు. అతికించేం." తర్వాత నా వైపు తిరిగాడు. "నాకు ముగ్గురు పిల్లలప్పా."

"వాడికి ఒక్క అప్పే" అన్నాను.

ఆ మెట్టు వదులుగా ఉందని ముందు ఎవరికి తెలుసని అధికారి అడిగారు. ఎవరికీ తెలీదన్నాడు సూర్నారాయణ. పైడిరాజు ఎప్పుడూ రెండో క్రేను మీదే పనిచేసేవాడట. మూడోది ఎక్కడం ఆ రోజే మొదలట. ఏ క్రేనో కూడా వాడు గేటు దాటి లోపలికి వచ్చాకే సూర్నారాయణ చెప్పాడట.

ఆ మెసేజ్ మల్కాపురంలో మా ఇంట్లోంచి బయల్దేరింది రెండుంపావుకి ముందు.

ఇక్కడ నా వాదన నేనే వినిపిస్తాను. తుడిచినవి ఫోను లోపల ఎక్కడో మిగిలి ఉండొచ్చని, తీగ తగిలిస్తే ఒక్కోసారి బయటపడతాయని తర్వాత ఒకరు చెప్పారు. ఒప్పుకుంటాను. మూడో వాక్యం నేను చూడకుండా తీసేసి ఉండొచ్చు. ఒప్పుకుంటాను, కష్టంగా. సూర్నారాయణ ఇంకా కొంత దాచి ఉండొచ్చు. మెట్టు సంగతి ఉదయమే తెలిసి, ఎవరో మా తమ్ముడికి చెప్పి ఉండొచ్చు.

కానీ తెలిసినవాడు ఆ మెట్టుని చేత్తో ఎందుకు పట్టుకుంటాడు?

ఈ ప్రశ్న ఎంతమందినో అడిగాను. చదువుకున్నవాళ్ళు మాట మార్చారు. పోలమ్మత్త మాత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"నీ తమ్ముడే సెప్పేడే. ఆడి పేరు నిలబెట్టుకోడానికి ఆడే వొచ్చేడు. గనాసారిని పిలిపిద్దాం, ఇంకేటన్నా సెప్పాల్సిందున్నాదేటో అడుగుదాం."

"రాగలిగినవాడైతే మూడు నలభైకి ముందే వచ్చేవాడత్తా" అన్నాను. "చచ్చాక వచ్చి చెప్పేపాటి తెలివితక్కువవాడు కాదు మా పైడిరాజు."

ఆమె నొచ్చుకుంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "అదీ నిజమేలే. ఆడు నీలాగే, నోరున్నోడు."

పూనకంలో మాట చెప్పే గణాచారిని పిలవలేదు. ఇంట్లో ఏ పూజా చేయించలేదు. ఎవరో వచ్చారని, కనికరించారని అనుకుంటే నాకు కాస్త సుఖంగా ఉండేదేమో. ఆ సుఖం నాకు అక్కర్లేదు. పడిపోయాడన్నది నిజం, పిలిచారన్నది నిజం, మెట్టు ఊడిందన్నది నిజం. వాటి మీద పొగమంచు కప్పనివ్వను.

అధికారి తన నివేదికలో ఆ కాగితం ఊసెత్తలేదు. "ఇది నాకు అవసరం రాలేదమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. పైడిరాజు మేస్త్రీ పిలుపు మీద పనికి వచ్చాడని, పనిలో ఉండగా నిచ్చెన మెట్టు ఊడి చనిపోయాడని రాశారు. దొంగతనం అన్న వాక్యం మీద గీత కొట్టించి, పక్కన సంతకం చేశారు. ఆ పేజీ నకలు అడిగి తీసుకున్నాను.

కంప్యూటర్ల గురించి తెలిసినవాళ్ళు ఎవరు కనిపించినా ఇప్పటికీ అడుగుతుంటాను. ఒక్కొక్కరు ఒక్కో ముక్క వివరిస్తారు. అన్నీ కలిపితే మాత్రం ఆ వాక్యం రాదు. నాకూ రాలేదు. నేను అర్థం చేసుకోలేకపోయానని ఒప్పుకుంటున్నాను. దెయ్యమని మాత్రం ఒప్పుకోను.

నివేదిక నకలుని కొళాయి పక్క గోడకి నేనే అతికించాను. పట్టపగలు, అందరూ బిందెలతో నిలబడి ఉండగా. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించాను. వానలకి ఆ కాగితం ఎప్పుడో ఊడిపోయింది.

మా వీధిలో పైడిరాజుని ఇప్పుడెవరూ దొంగ అనరు.